హార్స్‌షూ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు

లాస్ వేగాస్ ఫ్రీమాంట్ వీధిలో బినియన్స్ హార్స్‌షూ అని ఒక క్యాసినో ఉండేది. పెద్ద గుర్రపు నాడా ఆకారపు చట్రంలో అద్దాల వెనక పదివేల డాలర్ల నోట్లు వంద పేర్చి పెట్టేవారు. మొత్తం పది లక్షల డాలర్లు. ఊరు చూడవచ్చినవాళ్లను దాని ముందు నిలబెట్టి ఫొటో తీసి ఊరికే ఇచ్చేవారు. యజమాని బెన్నీ బినియన్‌ది టెక్సాస్. ఆయన పిలిస్తే 1970లో దక్షిణాది పేకాటరాయుళ్లు కొందరు వచ్చి అక్కడ కూర్చున్నారు. పోకర్ ప్రపంచ పోటీ అలా పుట్టింది. ఆ మొదటి ఏడాది విజేతను ఓట్లేసి ఎన్నుకున్నారు. ఎవరు గొప్ప అంటే ఎవరికి వారే ఓటు వేసుకున్నారట. సరే, మీ తర్వాత ఎవరో చెప్పండి అంటే అప్పుడు తేలాడట అరవై దాటిన జానీ మాస్.

మరుసటి ఏడాది నుంచి అందరూ డబ్బు కట్టి కూర్చోవడం, చిప్స్ అయిపోయినవాడు లేచిపోవడం, చివరిదాకా మిగిలినవాడు గెలవడం అనే పద్ధతి వచ్చింది. ఆ ఆలోచన పగీ పియర్సన్‌ది అంటారు. 1973లో ఆయనే గెలిచాడు. తర్వాత బస్సంత బండి ఒకటి కొని, ఎవరితోనైనా, ఏ ఆటైనా, ఎంత పందానికైనా ఆడతానని దాని మీద రాయించుకుని ఊళ్లు తిరిగాడు. ఆ ఆట తనకు నచ్చితేనే అని కింద చిన్న అక్షరాల్లో షరతు కూడా పెట్టాడు.

వేగాస్ చేరకముందు వీళ్లలో చాలామందిది రోడ్ల మీది బతుకు. టెక్సాస్‌లో ఊరూరా చాటుమాటుగా ఆట నడిచేది. గెలవడం ఒక ఎత్తు, గెలిచిన డబ్బుతో క్షేమంగా ఊరు దాటడం మరో ఎత్తు. పోలీసుల భయం, దోపిడీ దొంగల భయం రెండూ ఉండేవి. డోయల్ బ్రన్సన్, సెయిలర్ రాబర్ట్స్, అమరిల్లో స్లిమ్ ముగ్గురూ ఒకే సంచీ పెట్టుకుని ఏళ్లపాటు కలిసి తిరిగారు. తర్వాత ముగ్గురూ ప్రపంచ విజేతలయ్యారు. కాలేజీలో మంచి బాస్కెట్‌బాల్ ఆటగాడైన బ్రన్సన్‌కు కాలు విరగకపోతే ఈ దారికి వచ్చేవాడే కాదేమో. 1976లోనూ 1977లోనూ ఆయన గెలిచిన ఆఖరి చేతిలో ఉన్న ముక్కలు ఒకటే, పది, రెండు. స్లిమ్ 1972లో గెలిచాక కౌబాయ్ టోపీతో టీవీల్లో కూర్చుని కబుర్లు చెప్పి, చీకటి గదుల ఆటను అమెరికా ఇళ్లలోకి తెచ్చాడు.

నాకు వాళ్లందరిలో ఎక్కువ ఇష్టం జాక్ స్ట్రాస్. ఆరున్నర అడుగుల మనిషి. ఆయన మీద ఒక కథ చెప్పుకుంటారు. టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికి రెండే ముక్కలు వస్తాయి, బల్ల మీద పరిచే ఐదు అందరికీ ఉమ్మడి. ఒకసారి స్ట్రాస్‌కు ఏడు, రెండు పడ్డాయి. అంతకంటే నాసి చెయ్యి ఆటలో లేదు. అయినా పందెం పెంచాడు. బల్ల మీద ఏడు, మూడు, మూడు పడ్డాయి. ఎదుటివాడి దగ్గర పెద్ద జత ఉందని ఈయనకు అర్థమైంది. నాలుగో ముక్క రెండు. స్ట్రాస్ 18,000 డాలర్లు తోశాడు. అవతలివాడు ఎంతసేపటికీ తేల్చుకోలేకపోయాడు. అప్పుడు స్ట్రాస్ ముందుకు వంగి, ఒక్క 25 డాలర్ల చిప్ ఇస్తే తన రెండు ముక్కల్లో కోరుకున్నది చూపిస్తానన్నాడు. అతను చిప్ విసిరి ఒకదాన్ని చూపించాడు. తిప్పితే రెండు. ఏదైనా చూపిస్తానన్నాడంటే రెండూ ఒకటే అయుండాలి, అంటే మూడు రెండ్లు, రెండు మూళ్లు, ఫుల్ హౌస్ అనుకుని ఆ పెద్దమనిషి గెలిచే చెయ్యి పారేసుకున్నాడు. ఏడును కోరినా అదే లెక్క వేసుకుని ఉండేవాడు.

1982 పోటీలో అంతా పోయిందనుకుని లేవబోతూ, న్యాప్‌కిన్ కింద మిగిలిపోయిన ఒక్క చిప్ చూసి మళ్లీ కూర్చుని, 104 మందిలో స్ట్రాస్ గెలిచిన కథ పోకర్ లోకమంతా చెప్పుకుంటుంది. చేతికొచ్చిన డబ్బు నిలవనిచ్చే మనిషి కాదు. 1988లో పేకాట బల్ల దగ్గరే ప్రాణం పోయింది.

స్టూ ఉంగర్‌ది మరో దారి. అతను న్యూయార్క్ కుర్రాడు. మొదట జిన్ రమ్మీలో ఎదురులేనివాడు. చివరికి అతనితో ఆడే మనిషే దొరకలేదు. రమ్మీ మనకు కొత్త కాదు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాల్సిన ఆట కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదేనని తేల్చింది. ఆ గుర్తుపెట్టుకునే శక్తి ఉంగర్‌కు పుట్టుకతో వచ్చింది. ఆడే జనం లేక పోకర్‌కు మళ్లి, 1980లో ఆఖరి పోరులో బ్రన్సన్‌ను ఓడించాడు. 1981లో మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత కొకైన్ అతన్ని తినేసింది. 1997లో ప్రవేశానికి కావలసిన 10,000 డాలర్లు తోటి ఆటగాడు బిల్లీ బాక్స్‌టర్ కడితే వచ్చి కూర్చున్నాడు. ఆఖరి బల్లను ఆ ఏడు ఫ్రీమాంట్ వీధిలో ఆరుబయట వేశారు. గుండ్రటి నీలి కళ్లద్దాలతో, పీలగా, భుజాలు ముందుకు వాలి కూర్చున్న ఆ మనిషిని పాత వీడియోలో చూస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. గెలిచిన పది లక్షల డాలర్లలో సగం బాక్స్‌టర్‌కు ఇచ్చాడు. తన సగం నెలల్లో కరిగిపోయింది. 1998 నవంబర్ 22న ఒక మోటెల్ గదిలో శవమై కనిపించాడు. వయసు 45.

పందెం వ్యసనాన్ని నేను పొగడను. అది ఎన్ని కొంపలు ముంచిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను తలుచుకునేది, పుస్తకంలోనూ కంప్యూటర్‌లోనూ లేని ఆటను ఎదుటి మనిషి ముఖంలో వెతికి నేర్చుకున్నవాళ్లను. 2003లో 86 డాలర్ల ఇంటర్నెట్ పోటీ గెలిచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ విజేత అయ్యాడు. ఆ మరుసటి జనవరిలో హార్స్‌షూ మూతపడి చేతులు మారింది. 2005లో పోటీ రియో హోటల్‌కు తరలింది. ఇవాళ్టి ఆటగాళ్లు స్ట్రాస్ కంటే తప్పులు తక్కువ చేస్తారు, అది నిజమే. కానీ నిరుడు ఎవరు గెలిచారంటే ఆట చూసేవాళ్లు కూడా తడుముకుంటారు.

బ్రన్సన్ 2023 మే 14న, 89వ ఏట పోయాడు. ఆ వేసవి పోటీలో కూర్చున్నవాళ్లు 10,043 మంది. ఆయన మొదటిసారి గెలిచిన 1976లో 22 మంది.