జంతికల డబ్బా

కిందటి ఆగస్టులో సెలవు ముగించుకుని దోహా తిరిగి వచ్చాక వంటింట్లో ఒక డబ్బా మూత తీశాను. ఏప్రిల్‌లో అమ్మ తెనాలి నుంచి పంపిన జంతికలు. నెల రోజులు ఏసీ లేని ఇల్లు, బయట 45 డిగ్రీల ఎండ. గుప్పుమన్న ఆ పాతనూనె వాసనలో నాకు తెలిసినవారే ఉన్నారు: హెక్సనాల్, దాని బంధువర్గమైన ఆల్డిహైడ్లు.

ఆ రాత్రి బ్యారీ హాలివెల్, జాన్ గట్టరిడ్జ్‌ల 'ఫ్రీ రాడికల్స్ ఇన్ బయాలజీ అండ్ మెడిసిన్' మళ్ళీ తెరిచాను. 1985లో వెలువడి, 2015కి ఐదో కూర్పుకు చేరిన గ్రంథం. పడుకుని చదవదగినది కాదు. గుండెల మీద పడితే ప్రమాదం.

జంతికలో జరిగేదే కణాల పొరల్లోనూ, కొంత అదుపులో, జరుగుతుంది. రెండు ద్విబంధాల నడుమ ఇరుక్కున్న కార్బన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను ఏ రాడికలో లాక్కుంటుంది. ఆ ఖాళీలో ఆక్సిజన్ చేరుతుంది. అలా పుట్టిన కొత్త రాడికల్ పక్క అణువు హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. చివరకు ఆ కొవ్వు గొలుసులు తెగి మలోన్‌డైఆల్డిహైడ్, హైడ్రాక్సీనోనెనాల్ వంటి ముక్కలు మిగులుతాయి. రాడికల్ పుట్టినచోటే క్షణంలో అంతమవుతుంది. ఆల్డిహైడ్ అలా కాదు. పొర దాటి దూరం వెళ్ళి, ప్రొటీన్లలోని సిస్టీన్, హిస్టిడిన్, లైసిన్‌లను అంటిపెట్టుకుంటుంది. నిప్పు ఒకరింట్లో, పొగ ఊరంతా. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో హెర్మన్ ఎస్టర్‌బాయర్ ఈ పొగనే ఏళ్ళ తరబడి పరిశోధించాడు; 1991లో సహచరులతో కలిసి ఆయన రాసిన సమీక్షను ఇప్పటికీ ఉదహరిస్తారు.

ఎల్‌డీఎల్ ప్రొటీన్‌కు ఈ ఆల్డిహైడ్లు అంటుకుంటే మాక్రోఫేజులు దాన్ని ఆబగా మింగి, ధమని గోడలో నురగ కణాలుగా ఉబ్బుతాయి. ఇది చదివిన ఏ కుర్ర డాక్టరుకైనా తోచే ఉపాయం ఒక్కటే: గొలుసును తెంచే విటమిన్ ఇ ఇవ్వడం. 1998లో నాన్నకు గుండెపోటు వచ్చినప్పుడు నేనూ అదే రాశాను, రోజుకు 400 యూనిట్లు. 2000లో హోప్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. 9,000 మందికి పైగా, సగటున నాలుగున్నరేళ్ళు, సరిగ్గా అదే మోతాదు. గుండెకు ఒరిగిందేమీ లేదు. 2005లో వచ్చిన కొనసాగింపులో గుండె వైఫల్యం కాస్త ఎక్కువగానే కనిపించింది.

ఈ మధ్యలో నేను నాన్నతో మానెయ్యమని చెప్పలేదు. మరిచిపోయానని అనుకునేవాణ్ణి, నిజానికి సిగ్గుపడ్డాను. ఆయన పోయాక సొరుగులో ఆ మాత్రల అట్టలు పేర్చి ఉన్నాయి, నా చీటీతో సహా.

ఈ పుస్తకం నాకు నచ్చేది ఇక్కడే: అది ఆల్డిహైడ్లను రాక్షసులుగా చూడదు. స్వల్పంగా ఉన్నప్పుడు హైడ్రాక్సీనోనెనాల్ కణానికి హెచ్చరిక. అందుకుని కణం తన రక్షణ ఎంజైములను తానే పెంచుకుంటుంది. ఆ హెచ్చరికను నోరు నొక్కి మేలు చేశామనుకోవడం ఎంత తొందరపాటో!

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. "జంతికలు తిన్నావా నాన్నా? నువ్వు చెప్పావని పల్లీనూనె మాని పొద్దుతిరుగుడు నూనెలో వేశాను." లినోలీక్ ఆమ్లం ఎక్కువ ఉన్న నూనె త్వరగా పాతబడుతుందని, అంతమాత్రాన అది చెడ్డది కాదని ఆమెకు ఎలా చెప్పను?

"బావున్నాయమ్మా," అన్నాను. నవంబరులో వచ్చేవాళ్ళ చేత ఇంకో డబ్బా పంపుతానంది.