లాగ్‌కి చిక్కని లోపం

చూపు లేనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే చిన్న పరికరం అది. లోపల నడిచేది లినక్స్. దాని సౌండ్ డ్రైవర్ బాధ్యత నాది. పరికరం దాదాపు సిద్ధమైన దశలో, మా దగ్గర పరీక్షలు చేసే ఒక పెద్దాయన, ఆయనకూ చూపు లేదు, "బాబూ, చదువుతూ చదువుతూ ఒక అక్షరం మింగేస్తోందయ్యా" అన్నారు. అదే పేజీ మళ్లీ పెడితే అక్కడ సరిగ్గానే పలికేది. ఇంకెక్కడో మింగేది.

మాలో ఎవరికీ అది వినపడలేదు. ధ్వనిని అందించే ప్లేయర్ ప్రోగ్రామ్ నుంచి డేటా సమయానికి రాకపోతే లినక్స్ ధ్వని వ్యవస్థ ఆల్సా దాన్ని అండర్‌రన్‌గా పట్టుకుంటుంది. అండర్‌రన్ వచ్చినప్పుడల్లా లాగ్‌లో రాసేలా పెట్టి రాత్రంతా నడిపినా ఒక్క లైనూ పడలేదు. "లాగ్ శుభ్రంగా ఉంది కదా, వదిలెయ్" అన్నారు పైవాళ్లు. విడుదల తేదీ దగ్గరపడుతోంది. కానీ జీవితమంతా చెవితోనే చదువుకున్న మనిషి మాట కాదనడానికి నాకు మనసొప్పలేదు. పాఠం వింటున్న పిల్లాడికి ఒక అక్షరం పోతే అర్థమే మారిపోవచ్చు.

ధ్వని వెళ్లేది సెకనుకు 48,000 ఫ్రేముల చొప్పున. బఫర్ 4,096 ఫ్రేములు, అందులో 1,024 చొప్పున నాలుగు పీరియడ్లు. అంటే పీరియడ్‌కు 21 మిల్లీసెకన్లు, మొత్తం బఫర్‌కు 85. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా తీసుకెళ్లే డీఎంఏ ఈ బఫర్‌లో గుండ్రంగా తిరుగుతూ చదువుతుంది. అది ఎక్కడుందని ఆల్సా అడిగినప్పుడల్లా డ్రైవర్ జవాబు చెప్పాలి.

ఆ జవాబులు చూద్దామని కెర్నల్ సందేశాలు రాసే ప్రింట్‌కే పెడితే పరిస్థితి ఇంకా చెడింది. ఆ సందేశాలు వెళ్లే సీరియల్ కన్సోల్ వేగం 1,15,200 బాడ్. ఎనభై అక్షరాల లైను బయటికి వెళ్లడానికే ఏడు మిల్లీసెకన్లు, పీరియడ్‌లో మూడో వంతు. కొత్త చప్పుళ్లు మొదలై అసలు లోపం వాటిలో కలిసిపోయింది. నిద్ర లేదు, అన్నం సయించలేదు. ఆ ప్రింట్‌లన్నీ తీసేసి, మెమరీలోనే రాసుకునే ఎఫ్‌ట్రేస్‌కి మారాను. వాయించినట్టు ఆల్సా లెక్కేసిన ఫ్రేములను సిస్టమ్ గడియారంతో పోల్చాను. ధ్వని గడియారానికీ సిస్టమ్ గడియారానికీ మధ్య సహజంగా ఉండే తేడా మెల్లగా పెరుగుతుంది. ఇక్కడ మాత్రం లెక్క ఉన్నట్టుండి ముందుకు గెంతుతోంది. గెంతినప్పుడల్లా సరిగ్గా 4,096. ఒక పూర్తి బఫర్.

అక్కడ దారి దొరికింది. మా చిప్‌లో ఏ పీరియడ్ నడుస్తోందో ఒక రిజిస్టర్ చెబుతుంది, అందులో ఎంత మిగిలిందో మరొకటి చెబుతుంది. డ్రైవర్ మొదటిది చదివి రెండోది చదివేలోపు డీఎంఏ తర్వాతి పీరియడ్‌లోకి దాటితే, పాత పీరియడ్ నంబరుకు కొత్త లెక్క జతపడుతుంది. అసలు స్థానం 2,048 అయితే జవాబు 1,024 అని వెళ్తుంది. అంతకుముందే 2,040 దాకా విన్న ఆల్సా, స్థానం వెనక్కి వచ్చిందంటే బఫర్ ఒక చుట్టు తిరిగిందనుకుంటుంది. చోటు ఖాళీ అయిందని నమ్మి ప్లేయర్ ఇంకా పలకని ధ్వని మీదే కొత్తది రాసేస్తుంది. 85 మిల్లీసెకన్ల మాట పోతుంది. బఫర్ ముందే తగినంత నిండి ఉండి, ఖాళీ అనుకున్న చోటును ప్లేయర్ వెంటనే నింపేయడంతో అండర్‌రన్ రాదు, ఆ లాగ్‌లోనూ ఏమీ పడదు. రిజిస్టర్లు చదివేటప్పుడు లాక్ ఉందిగా అని మావాళ్లు అడిగారు. లాక్ ప్రాసెసర్లను ఆపుతుంది, డీఎంఏను ఆపదు.

రెండూ చదివాక పీరియడ్ నంబరు మళ్లీ చదవాలి. మారితే రెండూ తిరిగి చదవాలి. మార్పు కొద్ది లైన్లే. ఆ తర్వాత లెక్క గెంతలేదు. పెద్దాయన రోజంతా విని "ఇప్పుడు పూర్తిగా చదువుతోంది" అన్నారు.

గడియారంతో పోల్చే ఆ పరీక్షను ప్రతి విడుదలకూ తప్పనిసరి చేయించాను. లాగ్ మనం అడిగినదే చెబుతుంది. అడగడం తెలియనిది ముందుగా పట్టేది వాడేవాళ్ల చెవే. వాళ్లు చెప్పినదానికి కారణం దొరికేదాకా ఆ ఫిర్యాదును మూసేయకూడదు.