తాత ఇట్లనే తవ్వేవాడా?

టోక్యోలో మేముండే నిషికసాయ్‌లో ఎండాకాలం వచ్చిందంటే మా చిన్నదాన్ని ఇంట్లో పట్టలేం. సాయంత్రం తైకో డోలు చప్పుడు వినిపిస్తే చాలు, యుకతా కట్టమని ఒకటే గోల. బోన్ ఆటలు మరి. మధ్యలో యగురా అని మంచె కట్టి, దానిమీద డోలు వాయిస్తారు. చుట్టూ జనం గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. మన బతుకమ్మలాగే, మధ్యలో పూలు లేవంతే.

డోరేమాన్ పాటకి పిల్లలంతా గంతులే. మా చిన్నదానికి మాత్రం తాంకో బుషి కావాలి. క్యూషూ బొగ్గు గనుల్లో పుట్టిన పాట. తవ్వుతున్నట్టు, బొగ్గు భుజం మీదుగా వేస్తున్నట్టు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్నట్టు, బండి తోస్తున్నట్టు ఆడాలి. ఒక్క చుట్టు తిరిగితే ఎవరికైనా వచ్చేస్తుంది. (నాకు మూడేళ్లు పట్టింది.)

చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులట ఇవి. పెత్తరమాసకి మనం బియ్యమిచ్చి ఊరుకుంటాం, వీళ్లు ఆడి పాడి పంపిస్తారు. పక్కింటి బామ్మ ఈ మాట చెబుతుంటే పిల్ల విన్నది.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిచేశాడు. నిరుడు పోయాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

"అమ్మా, తాత ఇట్లనే తవ్వేవాడా?" చేతులు ఆడిస్తూ అడిగింది.

"ఇంకొంచెం వంగేవాడు" అన్నాను.

తర్వాతి చుట్టులో ఇంకా వంగి తవ్వింది. దాని వెనకాల నేనూ.