కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ట్యాబ్ కొనండి

విశాఖలో చేపల బోటు నడిపే దోస్తు, సముద్రంలో దారి చూసుకోవడానికి ట్యాబ్ కొంటున్నాడు. కోటగిరి నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాను: పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుని దుకాణానికి పో. ఎల్‌సీడీ తెర వెలుతురు ఒకే దిశలో కంపిస్తుంది. ఆ దిశకు అద్దాలు అడ్డుపడితే తెర నల్లబడుతుంది. నిలువుగా బాగా కనిపించేది, అడ్డంగా తిప్పగానే మాయం కావచ్చు. రెండు విధాలా తిప్పి చూడాల్సిందే. వెలుగు 1000 నిట్స్ దాకా ఉంటే ఎండలో నయం.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను అక్షాంశ, రేఖాంశాలతో చెబుతోంది. అంత విలువైన కబురు మిట్టమధ్యాహ్నం కంటికి ఆనకపోతే ఎట్లా? కెమెరా సంగతి తర్వాత. జీపీఎస్ ఉందో లేదో మాత్రం ముందే అడగమన్నాను. వైఫై ఒక్కటే ఉన్న చాలా ట్యాబ్‌లలో అది ఉండదు.