వద్దన్న లాయరు గారు

రుషికొండ దగ్గర ఆ స్థలం చూసింది 2003లో అనుకుంటాను. ఎండాకాలమన్నది మాత్రం ఖాయం, పులిసిన జీడిపళ్ల వాసన ఇంకా ముక్కులో ఉంది. సరుగుడు తోట దాటితే సముద్రం. మా ఆవిడ చెప్పులు విడిచి ఆ ఇసుక నేలంతా తిరిగి, వంటగది ఎటు రావాలో కూడా చెప్పేసింది.

నాకప్పుడు స్టీలుప్లాంటులో షిఫ్టు డ్యూటీ. క్వార్టరు ఖాళీ చేసేలోపు సొంత ఇల్లు ఉండాలని తొందర. "లీగల్ ఒపీనియన్ మా లాయరు గారే ఇచ్చేస్తారు సార్, మీకు ఖర్చుండదు" అన్నాడు బ్రోకరు. నాకది బాగానే తోచింది. మా బావ ఒప్పుకోలేదు. "అమ్మేవాడి లాయరు నీకేం చూస్తాడ్రా?" అని జిల్లా కోర్టు దగ్గరున్న ఒక పెద్దాయన దగ్గరికి లాక్కెళ్లాడు.

ఆయన ముఖం ఇప్పుడు సరిగా గుర్తు రావడం లేదు, చేతిలోని ఎర్ర పెన్సిలు గుర్తుంది. గజం ఎంతని అడగలేదు. ముప్పయ్యేళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు తెమ్మన్నారు. ఈసీలో ఏ చిక్కూ లేదు, తనఖాలూ లేవు. నేను లేవబోతుంటే, "కూర్చోండి బాబూ. మొదట అమ్మినాయనకి ఈ భూమి ఎలా వచ్చింది?" అన్నారు.

కాగితాల్లో దానికి జవాబు లేదు. జమీందారీలు రద్దయ్యాక రాసిన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ నకలు తీయించారు. ఆ సర్వే నంబరు ఎదురుగా ప్రభుత్వ భూమి అని ఉంది. తర్వాత ఒక పేద రైతుకి డి-పట్టా ఇచ్చారు. అలాంటి భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం అప్పట్లో చెల్లేది కాదు.

"మరి రిజిస్ట్రేషనెలా అయింది?" గొంతు పెంచాను.

"రిజిస్ట్రేషనయితే హక్కు వచ్చినట్టు కాదు బాబూ. హక్కు చూసుకోవలసింది కొనేవాళ్లే. వద్దు."

ఫీజు ఎంతిచ్చానో గుర్తు లేదు. తిరుగు బస్సులో మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ పట్టా రైతు ఎవరో, ఎంతకి వదులుకున్నాడో అప్పుడు నాకు తట్టనే లేదు. ఇప్పుడు తరచూ తడుతుంది.

2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో సెక్షన్ 22-ఎ కొత్త రూపంలో వచ్చాక అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. అక్కడే ప్లాటు కొన్న మా డిపార్ట్‌మెంటు మనిషొకాయన కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సులో ఫైలు పట్టుకుని నిలబడడం చూశాను. పలకరించడానికి మాట రాలేదు.

ఈమధ్య మా అమ్మాయి మధురవాడలో ఫ్లాటు చూసింది. "బ్యాంకు లాయరు చూశారు కదా నాన్నా" అంది. ఆయన చూసింది బ్యాంకు అప్పు భద్రత కోసమమ్మా, మన కోసం మనమూ ఒకరిని పెట్టుకుందాం అన్నాను. పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన దగ్గర జూనియరుగా చేసినావిడ దగ్గరికి వెళ్లాం. బిల్డరు డెవలప్‌మెంటు అగ్రిమెంటు మీద స్థలం ఇచ్చిన అన్నదమ్ముల సంతకాలే ఉన్నాయి. "ఇది పిత్రార్జితం. ఆడపిల్లలకి వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. మరి ఈ ఇంటి అక్కచెల్లెళ్ల సంతకాలేవి?" అని ఆవిడ అడిగారు. తెస్తామని బిల్డరు వారం గడువు అడిగాడు. అడ్వాన్సు ఇంకా మా దగ్గరే ఉంది.