లెక్కల నోట్సు చివరి పేజీలు



పోయిన నెల మా అమ్మాయి లెక్కల నోట్సు చివర ఒక కథ కనబడింది. బందరు కాలువ గట్టున పడవ కోసం ఎదురుచూసే తాతయ్య కథ. తొమ్మిదో తరగతిలో ఇవేంటని కసిరాను. ఆ పేజీలు చింపేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అడిగింది: "కథలు రాస్తే బతకలేమా నాన్నా?"

కథల మీదే బతకడం కష్టమన్నాను. కానీ ఉద్యోగం కథకు అడ్డం కాదు. 'గాలివాన'తో 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు సైన్సు లెక్చరర్. కాళీపట్నం రామారావు లెక్కల మాస్టారు. విశ్వనాథ మన విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పారు.

కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వెబ్‌సైట్‌లో వేల కథలు ఉచితంగా చదవచ్చు. 1998లో మొదలైన 'ఈమాట' పత్రికా ఉచితమే. ఆదివారం ఒక కథ ఇద్దరం కలిసి చదువుతున్నాం. అచ్చు వేస్తాం, డబ్బు కట్టండి అనేవాళ్ల దగ్గరికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దన్నాను. ముందు చదవాలి, రాయాలి, తిరగరాయాలి.

తాతయ్య కథ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వేరే నోట్సు నేనే కొనిచ్చాను. మీ పిల్లల నోట్సు చివరి పేజీలూ ఒకసారి చూడండి. చూసి, కసరకండి.