పాపకి జబ్బొస్తే తల్లి వంశం మీద పడతారెందుకు?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా గూడెంలో ఒక వదిన ఉంది. ఆమె పాప ఏడాది దాకా బాగానే ఉండేది, అమ్మ, తాత అనేది, రొట్టె ముక్క తనే పట్టుకుని తినేది. తర్వాత మాటలు పోయినయి, చేతులతో ఏదీ పట్టుకోదు. ఊర్లో ముందు బాణామతి అన్నారు, తర్వాత గ్రహణం అన్నారు, చివరికి తల్లి వంశంలోనే దోషం ఉందన్నారు. పాపకి ఏ జబ్బో నేను చెప్పలేను, ఇంకా పరీక్ష చేయించలేదు. కానీ డిగ్రీలో రెట్ సిండ్రోమ్ గురించి చదువుతుంటే నాకు ఆ వదినే గుర్తొచ్చింది.

వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. తన దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు ఒకేలా చేతులు నలుపుకుంటూ ఉండటం గమనించి, 1966లో ఈ జబ్బు గురించి రాశాడు. కారణం మాత్రం 1999 దాకా దొరకలేదు. బీరూట్‌లో పుట్టిన హుదా జోగ్బీ అనే డాక్టరమ్మ 1983లో ఇలాంటి పాపని చూసి, పదహారేళ్లు వెతికింది. ఆమె బృందానికి దొరికిన జీన్ పేరు ఎమ్ఈసీపీ2. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది.

మెదడు కణాల్లో ఏ జీన్ ఎంత పని చేయాలో చూసే మేస్త్రి లాంటిదిది. ఇది సరిగ్గా పని చేయకపోతే రెట్ వస్తది. ఒకటికి రెండు కాపీలుంటే, ముఖ్యంగా మగపిల్లల్లో, ఇంకో జబ్బు వస్తది. తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే!

అసలు చెప్పాలనుకున్నది ఇది. రెట్‌లో దాదాపు అన్ని కేసుల్లోనూ ఈ మార్పు తల్లి నుంచి వంశంలో వచ్చింది కాదు. కొత్తగా పుట్టిందే, అదీ ఎక్కువగా తండ్రి నుంచి వచ్చిన ఎక్స్ మీద. అట్లని తండ్రిని తిట్టమని కాదు. కణాలు కాపీ అయ్యేటప్పుడు ఎవరికైనా జరిగేదే. మరి ఇన్నేళ్లు కోడళ్లు పడ్డ మాటలకి ఎవరు జవాబు చెప్తారు?

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో ఆ జీన్‌ని మళ్లీ పని చేయిస్తే లక్షణాలు చాలావరకు తగ్గినయి. అంటే కణాలు చచ్చిపోలేదన్నమాట.

మీ ఊర్లో వచ్చిన మాటలు పోయిన పాప ఉంటే అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా అక్కని అడగండి. ఆర్‌బీఎస్‌కే టీము ఉచితంగా చూసి, జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి పంపుతది. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా పెట్టకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.